తొమ్మిది గేర్ల చదువు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గంలోని తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగినప్పుడు చాలా సంతోషమేసింది. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా నాలుగేళ్లు బోధన్‌లో ఈ హాస్టల్ అన్నం తిన్నవాణ్ణి. పాత సంచికలు తిరగేస్తే మనవాళ్లు ఎక్కువగా వార్డెన్ సార్ల గురించి, పొద్దుటి స్టడీ అవర్ గురించి, ఆదివారం కూర గురించి రాశారు. అవన్నీ నాకూ ఇష్టమైన జ్ఞాపకాలే. కానీ ఈసారి నేను వేరే సంగతి రాస్తాను. లారీ గేర్ల గురించి రాస్తాను.

"హాస్టల్ పుస్తకంలో గేర్లేంది అన్నా?" అని మీరు నవ్వవచ్చు. మన హాస్టల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది తండ్రులు ట్రాక్టరో, ఆటోనో, డీసీఎమ్మో, లారీయో నడుపుతున్నారో ఒకసారి లెక్కపెట్టండి. మా రోజుల్లో మా గదిలో పన్నెండు మందిమి ఉంటే ఐదుగురి ఇళ్లలో స్టీరింగ్ పట్టినవాళ్లు ఉన్నారు. మా బాపు అందులో ఒకడు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి, ఇప్పుడు డిచ్‌పల్లి దగ్గర తెలంగాణ విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్నాను. అక్కడ పుస్తకంలో చదివింది, బాపు పక్కన క్యాబిన్లో కూర్చొని నేర్చుకున్నది రెండూ ఒకే విద్య అని నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. ఆ సంగతి మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బోధన్ అంటే చెరకు అని మీకు తెలిసిందే. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్లతో ఇక్కడ చెరకు సాగు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు. సీజన్ వచ్చిందంటే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. మా బాపు ఆ బారుల్లోనే పెరిగాడు. 1992 ప్రాంతంలో, పద్నాలుగేళ్ల వయసులో లారీ మీద క్లీనరుగా చేరాడు. బడికి పోయింది రెండో తరగతి వరకే. అక్షరాలు మరిచిపోయాడు గానీ అంకెలు మరవలేదు.

ఆ అంకెలతోనే ఆయన మొదటి పాఠం చదివాడు. టాటా లారీల మీద నాలుగంకెల నంబరు ఉంటుంది, చూసే ఉంటారు. 1210 అంటే మొదటి రెండంకెలు బండీ లోడూ కలిపి మొత్తం బరువు పన్నెండు టన్నులు, చివరి రెండంకెలు పదితో గుణిస్తే ఇంజిన్ వంద హార్స్‌పవర్. 1613 అంటే పదహారు టన్నులు, నూట ముప్పై హార్స్‌పవర్. 2518 అంటే ఇరవై ఐదు టన్నులు, నూట ఎనభై హార్స్‌పవర్. "పేరు అదే చెప్పుకుంటది బిడ్డా" అంటాడు బాపు. నేను చిన్నప్పుడు హాస్టల్ గేటు దగ్గర నిలబడి పోయే లారీల నంబర్లు చదివి దోస్తులకు బరువులు చెబుతుంటే వాళ్లు నన్ను పెద్ద మేధావి అనుకునేవాళ్లు!

బాపుకు గేర్లు నేర్పింది ఒక ఉస్తాద్. ఆ బండి పాత లేలాండ్. ఇప్పటి బండ్లలాగా క్లచ్ తొక్కి రాడ్ లాగితే గేరు పడే కాలం కాదది. డబల్ క్లచ్ కొట్టాలి. అంటే ముందు క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌కు తేవాలి. క్లచ్ వదిలెయ్యాలి. పై గేరుకు పోవాలంటే ఇంజిన్ చప్పుడు కొంచెం దిగేదాకా ఆగాలి. కింది గేరుకు రావాలంటే న్యూట్రల్లో ఉండగానే ఎక్సలేటర్ ఇచ్చి చప్పుడు లేపాలి. అప్పుడు మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. లెక్క తప్పితే గేర్‌బాక్స్ పళ్లు పటపట కొరుకుతుంది. ఎందుకంటే లోపల ఒకదానిలో ఒకటి ఇమడాల్సిన రెండు భాగాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. న్యూట్రల్లో క్లచ్ వదిలితేనే ఇంజిన్ వేగం గేర్‌బాక్స్ లోపలికి చేరి ఆ రెండింటినీ సమం చేస్తుంది. ఉస్తాద్ ఈ మాటను ఒక్క ముక్కలో చెప్పేవాడట: "రెండూ ఒక్కతీరు ఉరికితేనే దోస్తీ అయితయి రా."

ఈ బాధ తప్పించడానికే సింక్రోమెష్ అనే ఏర్పాటు వచ్చింది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో మొదట పెట్టారు. గేరు పడే ముందు ఇత్తడి రింగు ఒకటి ఒరుసుకొని రెండింటి వేగం సమం చేస్తుంది. అంటే ఉస్తాద్ చెప్పిన దోస్తీని రింగు కుదురుస్తుంది. మీరు రేపు కారు నేర్చుకుంటే క్లచ్ ఒక్కసారే తొక్కుతారు. రెండోసారి తొక్కే పని ఆ రింగు చేస్తున్నదని గుర్తుపెట్టుకోండి.

క్లీనరుగా ఉంటూ బాపు లారీ నడపడం నేర్చుకున్నాడు గానీ హెవీ లైసెన్సు తీసుకోలేదు. పెళ్లయింది, మేము పుట్టాము, ఊళ్లోనే ఒక పటేలు దగ్గర ట్రాక్టరుకు కుదిరాడు. తర్వాత హెవీ లైసెన్సు తీసుకుందామని బయలుదేరేసరికి నిబంధన మారిపోయింది. 2007లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో మార్పు తెచ్చి, కొత్తగా రవాణా వాహనాల లైసెన్సు కోరేవాళ్లు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్నారు. అప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. బాపు దగ్గర ట్రాక్టరు లైసెన్సు ఒక్కటే ఉంది. చేతిలో విద్య ఉండి, చేతిలో కాగితం లేక పన్నెండేళ్లు ట్రాక్టరు మీదనే ఉండిపోయాడు.

ట్రాక్టరు తక్కువదని నేను అనడం లేదు. నేను గేర్లు మొదట చూసింది దాని మీదనే. మా పటేలు ట్రాక్టరుకు ముందుకు ఎనిమిది గేర్లు. కానీ రాడ్ మీద నాలుగు స్థానాలే ఉంటాయి. పక్కన హైలో లీవర్ ఇంకోటి ఉంటుంది. లోలో పెడితే నాలుగు, హైలో పెడితే నాలుగు, మొత్తం ఎనిమిది. చెరకు తోటలో తడిసిన నల్లరేగడిలో లోడైన ట్రాలీని బయటికి గుంజాలంటే లో ఫస్టు. రోడ్డెక్కినాక ఆపి, హైలో వేసుకొని పోవాలి. పండుగ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు బాపు పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చొని చూసేవాణ్ణి. ఆయన మీటరు వంక చూసేది లేదు. ట్రాలీ గడ్డ ఎక్కుతుంటే ఇంజిన్ గొంతు మారేది, ఆ వెంటనే ఆయన చెయ్యి కదిలేది. "గేరు చేతితోని కాదు కొడుకా, చెవితోని ఎయ్యాలె" అనేవాడు.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. అంతకుముందు సీజన్లో హాస్టల్ కిటికీలోంచి మొలాసిస్ వాసన వచ్చేది. ఆ తర్వాత రాలేదు. రైతులు కొందరు చెరకు మానేసి వరికి పోయారు. మిగిలినవాళ్ల చెరకు కామారెడ్డి వైపు ఫ్యాక్టరీలకు పోవాల్సి వచ్చింది. పది కిలోమీటర్ల దారి పోయి డెబ్భై కిలోమీటర్ల దారి వచ్చింది. అంత దూరానికి ట్రాక్టరు కన్నా లారీ లాభం. ట్రాక్టరు డ్రైవర్లకు పని తగ్గింది, బాపుకు కూడా తగ్గింది. ఆ మూడు నాలుగేళ్లు మా ఇల్లు ఎలా గడిచిందో మా అమ్మకే తెలుసు. నాకు హాస్టల్లో మూడు పూటలా అన్నం ఉంది కాబట్టి చదువు ఆగలేదు. ఈ మాట ఈ పుస్తకంలో రాయకపోతే ఇంకెక్కడా రాయలేను.

2019లో కేంద్రం ఎనిమిదో తరగతి నిబంధన తీసేసింది. ఈ వార్త నేను పేపర్లో చదివి బాపుకు చెప్పాను. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆ ఏడు ఆర్టీసీ సమ్మె వల్ల దసరా సెలవులు పొడిగించారు. ఆ సెలవులన్నీ మా ఇంట్లో బడి నడిచింది. సారు నేను, విద్యార్థి బాపు! లెర్నింగ్ లైసెన్సుకు కంప్యూటరు మీద పరీక్ష రాయాలి. రోడ్డు గుర్తులన్నీ ఆయనకు అర్థం తెలిసినవే. గుండ్రంగా ఉంటే ఆజ్ఞ, మూడు మూలలుంటే హెచ్చరిక, నలుపలకలుగా ఉంటే సమాచారం అని నేను చెప్పేలోపే ఆయన చెప్పేశాడు. ఆయనకు రానిది ఆ గుర్తు పక్కన ఉండే జవాబుల్లోని అక్షరాలు. "ఎడమ", "కుడి", "ఆగుము", "ప్రవేశం లేదు" అని పెద్ద పెద్ద అక్షరాలు రాసి గోడకు అంటించాను. మా చెల్లె పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అప్పగించుకునేది. నలభై ఏళ్లు దాటిన మనిషి వేలు పెట్టి కూడబలుక్కొని చదువుతుంటే అమ్మ వంటింట్లోంచి చూసి నవ్వేది, కళ్లు తుడుచుకునేది. మొదటిసారి పరీక్ష తప్పాడు. రెండోసారి పాసయ్యాడు. 2020 జనవరిలో బండి టెస్టు. అది ఆయనకు పరీక్షే కాదు, పది నిమిషాల్లో దిగి వచ్చాడు.

మార్చిలో కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టారు. కాలేజీలు, హాస్టళ్లు అన్నీ మూసేశారు. కానీ సరుకుల లారీలు తిరగాలి కదా! రైస్‌మిల్లు బియ్యం మోసే పది టైర్ల బండికి బాపు డ్రైవరుగా కుదిరాడు. క్లీనరు దొరకక నన్ను తీసుకుపోయాడు. ఖాళీ రోడ్డు మీద, మూతులకు గుడ్డలు కట్టుకొని, ఆదిలాబాద్ దాకా పోయి వచ్చేవాళ్లం. నిర్మల్ దాటినాక మహబూబ్ ఘాట్ ఉంది. పాత ఏడో నంబరు జాతీయ రహదారి మీద దిగుడు అంటే లారీవాళ్లందరికీ గుర్తుండేది అదే. ఘాట్ మొదలుకాకముందే బాపు బండిని నెమ్మది చేసి, చిన్న గేరులో వేసి, అప్పుడు దిగడం మొదలుపెట్టాడు. వెనుక దారంతా ఖాళీగా ఉంది, ఎందుకు ఇంత నెమ్మది అని అడిగాను.

"ఎక్కుడుకు ఏ గేరో, దిగుడుకు గదే గేరు. ఉస్తాద్ మాట" అన్నాడు.

దాని వెనుక కారణం నేను తర్వాత తెలుసుకున్నాను. లోడు బండి దిగుతుంటే దాని బరువే దాన్ని తోస్తుంది. కేవలం బ్రేకు తొక్కి పట్టుకుంటే డ్రమ్ములు కాలిపోయి బ్రేకు పట్టు తప్పుతుంది. చిన్న గేరులో ఉంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పాల్సి వస్తుంది. ఇంజిన్ తిరగనని మొరాయించడమే బ్రేకులా పనిచేస్తుంది. డీజిలు మిగులుతుందని కొందరు న్యూట్రల్లో దింపుతారు. అప్పుడు ఇంజిన్ ఆసరా పూర్తిగా పోతుంది. పైగా లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి, ఆ గాలిని నింపే కంప్రెసర్‌ను తిప్పేది ఇంజినే. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే గాలి నెమ్మదిగా నిండుతుంది. దిగుడులో మాటిమాటికీ బ్రేకు తొక్కితే గాలి అయిపోతుంది. నాలుగు లీటర్ల డీజిలు కోసం ప్రాణాలు పణంగా పెట్టడమన్న మాట.

డిగ్రీలో చేరినాక టార్క్ పాఠం వచ్చింది. తరగతిలో అందరూ సూత్రం రాసుకుంటుంటే నాకు ఘాట్ కనబడింది. ఆ రాత్రి కూర్చొని ఒక లెక్క చేశాను. మీకూ పనికొస్తుంది, నోట్‌బుక్ తీయండి.

ముందుగా, కారుకు ఐదు గేర్లు చాలినప్పుడు లారీకి అన్నెందుకు? ఆల్టో కారు ఇంజిన్ సుమారు 47 హార్స్‌పవర్. నలుగురు ఎక్కితే బండి బరువు దాదాపు ఒక టన్ను. అంటే టన్నుకు 47. మన 2518 లారీకి ఇరవై ఐదు టన్నులకు 180. అంటే టన్నుకు ఏడు చిల్లర. కారుకున్న బలంలో ఆరో వంతు కూడా లేదు! ఇంత తక్కువ బలంతో అంత బరువు కదలాలంటే ఇంజిన్‌ను ఎప్పుడూ అది బాగా గుంజే వేగంలోనే ఉంచాలి. పెట్రోలు కారు ఇంజిన్ నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరుగుతుంది కాబట్టి దానికి చోటు ఎక్కువ. లారీ డీజిల్ ఇంజిన్‌కు చోటు తక్కువ. మా బండి మీటర్లో పచ్చగీత సుమారు 1200 నుంచి 1700 వరకే ఉండేది.

ఇప్పుడు లెక్క. ఫస్టు గేరు నిష్పత్తి 7, టాప్ గేరు 1, వెనుక హౌసింగ్ నిష్పత్తి 6 అనుకుందాం. ఫస్టులో చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజిన్ 42 చుట్లు తిరగాలి. టాప్‌లో ఆరు చుట్లు చాలు. టైరు చుట్టుకొలత 3.2 మీటర్లు అనుకుంటే, ఇంజిన్ 2000 చుట్ల దగ్గర ఫస్టులో వేగం గంటకు 9 కిలోమీటర్లు, టాప్‌లో 64 కిలోమీటర్లు. ఈ రెంటి మధ్య దూరాన్ని సమాన నిష్పత్తిలో నాలుగు గేర్లతో దాటితే, 2000 దగ్గర గేరు మార్చిన ప్రతిసారీ ఇంజిన్ 1045కు పడిపోతుంది. పచ్చగీత కిందికి పోయింది, బండి గుంజదు. అదే దూరాన్ని ఎనిమిది గేర్లతో దాటితే 1515 దగ్గర నిలబడుతుంది. పచ్చగీత నడిమధ్య!

ఈ కాగితం బాపుకు చూపించాను. అంకెలు వచ్చు కదా, రెండు నిమిషాలు చూశాడు. "మిల్లుల హమాలీని చూసినవా? నెత్తి మీద బస్తా లేకుంటే రెండు మెట్లు ఒక్కసారి ఎక్కుతడు. బస్తా ఉంటే ఒక్కొక్క మెట్టు ఎక్కుతడు. గంతే గదా" అన్నాడు. నా లెక్క అంతా ఆ ఒక్క మాటలో ఉంది. అయితే ఆయన ఆ కాగితాన్ని మడిచి లైసెన్సు కవరులో పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఉంది.

2023 నుంచి ఆయన పన్నెండు టైర్ల బండి నడుపుతున్నాడు. దానికి ముందుకు తొమ్మిది గేర్లు. లోడుతో కదలడానికి ఒక క్రాలర్, ఆ తర్వాత కింది వరుసలో నాలుగు, పై వరుసలో నాలుగు. రాడ్ మీది స్థానాలు అవే, వరుస మారితే గేర్లు మారతాయి. వరుస మార్చే పని గాలి చేస్తుంది. ఓనరు మొదటి రోజు భయపడి, "తొమ్మిది గేర్లు, నేర్చుకోవడానికి వారం పడుతుంది" అన్నాడట. బాపు ఒక చుట్టు కొట్టి వచ్చి, "ఇది మా ట్రాక్టరు హైలోనే గదా పటేలా" అన్నాడు. తేడా ఒక్కటే, ట్రాక్టరును ఆపి మార్చాలి, దీన్ని నడుస్తుండగానే మార్చవచ్చు. అమెరికాలో పద్దెనిమిది గేర్ల లారీలు ఉన్నాయి. వాటిలో రాడ్ మీదనే రెండు మీటలుంటాయి, ఒకటి వరుస మార్చడానికి, ఇంకొకటి ఒక్కో గేరును రెండుగా చీల్చడానికి. పైగా ఆ గేర్‌బాక్సుల్లో సింక్రోమెష్ ఉండదు. అంటే మన ఉస్తాద్ డబల్ క్లచ్ అక్కడ ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు గేర్లు వాటంతట అవే మారే బండ్లు వస్తున్నాయి. మన దేశంలో 2014లో మారుతీ సెలేరియోతో ఆటోమేటెడ్ గేర్లు చిన్న కార్లలోకి వచ్చాయి, ఇప్పుడు లారీల్లోనూ వస్తున్నాయి. బాపు విద్య పనికిరాకుండా పోతుందేమోనని నేను దిగులుపడ్డాను. ఆయన మాత్రం "రానీ, ఎడమ మోకాలు బచాయిస్తది" అన్నాడు. ముప్పై ఏళ్లు క్లచ్ తొక్కిన మోకాలు అది. రాత్రి ఇంటికి వస్తే అమ్మ వేడినీళ్ల కాపడం పెట్టాలి. కష్టాన్ని గొప్ప అని పొగిడే హక్కు కష్టపడని మనకు లేదని నాకు ఆ రోజు తెలిసింది. అయితే గేరు ఎవరు మార్చినా ఘాట్ ముందు బండిని ఏ గేరులో దింపాలో మనిషికి తెలిసి ఉండాల్సిందే.

నేను ఏ దరఖాస్తు నింపినా అందులో "తండ్రి విద్యార్హత" అని ఒక గడి ఉంటుంది. పీజీ దరఖాస్తులో కూడా ఉంది. ఆ గడిలో "చదువుకోలేదు" అన్నది తప్ప మా బాపుకు తగిన మాట ఇంకోటి లేదు. నేను దాన్నే నింపాను, అది నిజమే కాబట్టి. కాగితం అవసరం లేదని నేను అనను. ఒక్క కాగితం లేక మా ఇల్లు పన్నెండేళ్లు వెనుకబడింది, అందుకే మనం పట్టుదలగా చదవాలి. కానీ ఆ గడి చూసేది కాగితాన్ని మాత్రమే. ఇరవై ఐదు టన్నులను ఘాట్ మీదినుంచి చప్పుడు విని దింపే తెలివిని అది చూడలేదు. ఆ తెలివిని చూడగలిగింది, దానికి పుస్తకంలో పేరు వెతకగలిగింది మనమే. మొదటితరం చదువుకున్నవాళ్లకు ఉన్న పెద్ద సౌకర్యం ఇదే తమ్ముళ్లూ, మనకు రెండు బళ్లు.

కాబట్టి నాదొక విన్నపం. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాయన పనిలో, మీ అమ్మ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఏదో అడగండి. అది ఎవరు నేర్పారో అడగండి. తప్పు చేస్తే ఏమవుతుందో అడగండి. తాపీ పనైనా, నాటు పనైనా, బీడీలు చుట్టడమైనా సరే. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకొని, మీ సైన్సు పుస్తకంలో ఏ పాఠానికి దగ్గరగా ఉందో వెతకండి. దొరికితే వచ్చే ఏటి సంచికకు పంపండి. పద్దెనిమిదేళ్లు నిండకుండా మాత్రం స్టీరింగ్ పట్టకండి.

 పది రాసే వాళ్లందరికీ ఆల్ ది బెస్ట్. భౌతికశాస్త్రంలో ఏ అనుమానమున్నా ఆదివారాలు నేను హాస్టల్‌కు వస్తాను, అడగండి.